పోటీల కోసం అమెరికా మెడికల్ స్కూల్ సీటును వాయిదా వేసుకోవడం ఎలా?

అమెరికాలో ఎండీ (అక్కడ డాక్టర్ కావడానికి చదివే మొదటి మెడికల్ డిగ్రీ) సీటు వచ్చింది, అదే ఏడాది పెద్ద పోటీలకు పూర్తి సమయం సాధన చేయాలి. అప్పుడున్న దారి డిఫరల్. అంటే అదే కాలేజీలో అదే సీటును తర్వాతి ఏడాదికి జరిపించుకోవడం. ఇది హక్కు కాదు, ఇవ్వాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం. గట్టి కారణం ఉన్నవాళ్ళు కూడా ఎప్పుడు అడగాలో, ఎలా అడగాలో తెలియక దాన్ని చెడగొట్టుకుంటున్నారు.

ముందు కాలేజీ వెబ్‌సైట్‌లో డిఫరల్ నిబంధనలు చదవండి. ఎక్కువ చోట్ల ఒక్క ఏడాదే ఇస్తారు. ఇవ్వబోమని ముందే రాసిన చోటికి అసలు అప్లై చేయకండి. తర్వాత కాగితాలు: కోచ్ లేఖ, జాతీయ ఫెడరేషన్ లేఖ, ఈ సీజన్ ఫలితాలు, వచ్చే సీజన్ క్యాలెండర్. ఫెడరేషన్ లేఖ ఆలస్యమవుతుంది కాబట్టి దాన్నే ముందు అడగండి.

కాగితాల కంటే ముందు తేదీలు సరిచూసుకోవాలి. 2027లో సీటు తెచ్చుకుని 2028కి జరిపించుకుంటే లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు సరిపోతుందని చాలామంది లెక్క వేసుకుంటారు. ఆ క్రీడలు 2028 జూలై 14 నుంచి 30 వరకు. కొన్ని మెడికల్ స్కూళ్ళలో ఓరియెంటేషన్ జూలైలోనే మొదలైపోతుంది. పైగా ఈసారి అథ్లెటిక్స్ మొదటి వారంలో, స్విమ్మింగ్ రెండో వారంలో పెట్టారు. రన్నర్‌కు ఎలాగోలా కుదిరినా స్విమ్మర్‌కు కుదరదు. స్విమ్మర్లు ఆగస్టులో క్లాసులు మొదలయ్యే కాలేజీనైనా ఎంచుకోవాలి, లేదా 2028 బ్యాచ్‌కు అప్లై చేసి 2029కి అడగాలి.

ఇక అసలు పని: అడగడం.

ఇంటర్వ్యూలో డిఫరల్ మాట ఎత్తకండి, వ్యాసాల్లోనూ వద్దు. వాళ్ళే సూటిగా అడిగితే మాత్రం నిజం చెప్పండి. ఆఫర్ లేఖ చేతికొచ్చాకే అది అడిగే విషయం అవుతుంది.

ఎప్పుడు అడగాలన్నది ఆమ్‌కాస్ (ఎండీ కాలేజీలకు ఉమ్మడిగా దరఖాస్తు చేసే పోర్టల్) క్యాలెండర్ తేల్చేస్తుంది. మార్చి 15 నాటికి ప్రతి కాలేజీ తన సీట్లకు సరిపడా ఆఫర్లు ఇచ్చి తీరాలి. ఏప్రిల్ 15 నాటికి మీరు మూడు ఆఫర్లకు మించి పట్టుకోకూడదు. ఏప్రిల్ 30 నాటికి ఒక్కటే మిగలాలి. అందుకే డిఫరల్ అడిగేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. మిగతా సీట్లు వదిలేసి మే నెలలో అడిగితే, ‘కుదరదు’ అన్న రోజున మీ చేతిలో ఇంకేమీ ఉండదు. పోర్టల్‌లో ‘ప్లాన్ టు ఎన్‌రోల్’ (చేరాలనుకుంటున్నాను) నొక్కడానికీ ‘కమిట్ టు ఎన్‌రోల్’ (ఖాయంగా చేరతాను) నొక్కడానికీ ఉన్న తేడా కూడా గుర్తుంచుకోండి. రెండోది నొక్కారంటే మిగతా ఆఫర్లతో పాటు వెయిటింగ్ లిస్టులన్నీ వదులుకున్నట్టే. కమిట్ అయ్యాకే డిఫరల్ అర్జీ చూస్తామనే కాలేజీలూ ఉంటాయి. అలాంటి చోట, కాదంటే ఈ ఏడాదే చేరిపోతారా అన్నది నొక్కకముందే తేల్చుకోండి. (టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలకు, డీఓ (ఆస్టియోపతిక్ వైద్య డిగ్రీ) కాలేజీలకు పోర్టల్స్ వేరు, తేదీలూ వేరుగా చూసుకోవాలి.)

లేఖ ఒక్క పేజీ దాటకూడదు. ‘చిన్నప్పటి నుంచి నా కల’ అని మొదలుపెడితే చదివేవాళ్ళకు తెలిసేదేమీ ఉండదు. కమిటీకి కావాల్సింది తేదీలు, అంకెలు. ఏ పోటీ, ఎప్పుడు, ఎక్కడ, అర్హత ప్రమాణం ఎంత, మీ ఉత్తమ ప్రదర్శన ఎంత, ఈ ఏడాది ఎవరి దగ్గర ఎక్కడ సాధన. చివర్లో ఇలాంటి వాక్యం ఒకటి ఉండి తీరాలి: ‘వచ్చే ఏడాది ఓరియెంటేషన్ మొదటి రోజున హాజరవుతాను, పోటీల ఫలితం ఏదైనా ఈ తేదీ మారదు.’ వాళ్ళ భయమంతా మీరు తిరిగి రారేమోనని, ఆ సీటు ఖాళీగా మిగిలిపోతుందేమోనని. ‘ట్రయల్స్‌లో ఎంపికైతే ఇంకో ఏడాది’ అన్నారంటే ఆ భయాన్ని మీరే పెంచినట్టు. రెండేళ్ళు కావాలంటే మొదట్లోనే రెండేళ్ళు అడగండి. కోచ్ గానీ అమ్మానాన్నలు గానీ అడ్మిషన్ ఆఫీసుకు ఫోన్ చేసి బతిమాలడం అస్సలు వద్దు. మాట్లాడాల్సింది మీరే.

ఫోన్‌లో ‘సరే’ అన్నారని సంబరపడకండి. ఆమోదం రాతపూర్వకంగా వచ్చేదాకా మరో సీటు వదలొద్దు. ఆ లేఖలో చూడాల్సినవి: కొత్త ప్రవేశ తేదీ, స్కాలర్‌షిప్ అలాగే ఉంటుందా, మధ్యలో ఏ తేదీకి మళ్ళీ ఖరారు చేయాలి, ఈ ఏడాదిలో వేరే కాలేజీకి అప్లై చేయకూడదనే షరతు ఉందా. చాలాచోట్ల ఆ షరతు ఉంటుంది, అది న్యాయమైనదే. స్కాలర్‌షిప్ గురించి లేఖలో ఒక్క ముక్క కూడా లేకపోతే అది పోయినట్టే లెక్కేసుకుని, విడిగా ఈమెయిల్ రాసి జవాబు తెప్పించుకోండి.

‘ముందు చేరిపోయి తర్వాత సెలవు పెట్టుకోవచ్చు’ అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. అమెరికా స్విమ్మర్ జెన్నీ థాంప్సన్‌ను ఉదాహరణగా చూపిస్తారు. ఆమె కొలంబియా మెడికల్ స్కూల్లో చేరాక మళ్ళీ ఈతకొలనులో దిగి 2004 ఏథెన్స్‌లో రెండు రజతాలు గెలిచిన మాట నిజమే. కానీ 2000 నాటికే ఆమె ఖాతాలో ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలున్నాయి. తొలిసారి అర్హత కోసం పోరాడేవాళ్ళు ఆ లెక్క పెట్టుకోకూడదు. మధ్యలో ఆపితే అనాటమీ మరిచిపోతారు, అప్పటికే తీసుకున్న లోన్ మీద పడుతుంది, బ్యాచ్ దాటిపోతుంది. అమెరికా స్పీడ్ స్కేటర్ ఎరిక్ హైడెన్ వరసే మంచిది. 1980 లేక్ ప్లాసిడ్‌లో ఐదు స్వర్ణాలు, సైకిల్ రేసులు, అవి అయ్యాకే స్టాన్‌ఫర్డ్ నుంచి 1991లో ఎండీ.

ఆమోదం వచ్చాక చేయాల్సినవి తేలికే గానీ మరిచిపోతే ముప్పే. తర్వాతి ఏడాదికి ఆమ్‌కాస్ దరఖాస్తు మళ్ళీ నింపాలి, అందులో మీ కాలేజీ ఒక్కటే ఉండాలి, మీరు డిఫరల్ విద్యార్థి అని అందులో చూపించాలి. ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం పెట్టే దరఖాస్తు) మళ్ళీ పెట్టాలి. డిగ్రీకి తీసుకున్న ఫెడరల్ లోన్లకు చదువు ఆగాక 6 నెలలే గ్రేస్, ఆ తర్వాత కిస్తీలు మొదలవుతాయి. సాధనలో ఉన్న ఏడాదికి ఆ డబ్బు ముందే పక్కన పెట్టండి, లేదా లోన్ సంస్థతో మాట్లాడి ఆదాయాన్ని బట్టి కట్టే పద్ధతికి మారండి. ఎఫ్‌-1 వీసా మీద ఉన్నవాళ్ళు ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) తేదీ మార్పించుకోవాలి. డిఫరల్ వచ్చినంత మాత్రాన అమెరికాలో ఉండే హోదా రాదు. ఓపీటీ (చదువు అయ్యాక కొంతకాలం పనిచేసే అనుమతి) లేకపోతే డిగ్రీ పూర్తయ్యాక 60 రోజులే గడువు.

డోపింగ్ రిజిస్టర్డ్ టెస్టింగ్ పూల్‌లో (ఎప్పుడైనా పరీక్షించేందుకు ఎంచుకున్న క్రీడాకారుల జాబితాలో) ఉన్నవాళ్ళు కాలేజీలో చేరేటప్పుడు తొందరపడి రిటైర్మెంట్ రాసివ్వకండి. రాసిచ్చాక మళ్ళీ పోటీకి రావాలంటే 6 నెలల ముందే తెలియజేసి పరీక్షలకు అందుబాటులో ఉండాలి. పూల్‌లోనే కొనసాగితే పరీక్షకు దొరుకుతామని రోజూ చూపించే 60 నిమిషాల సమయాన్ని, అడ్రస్‌ను ఇల్లు మారిన రోజే మార్చండి. 12 నెలల్లో మూడుసార్లు ఈ వివరాలు ఇవ్వడంలో గానీ చెప్పిన చోట ఉండడంలో గానీ తప్పితే అది డోపింగ్ నిబంధనల ఉల్లంఘన కిందకే వస్తుంది.