బయటి రికార్డర్‌తో పని – మూడో పాఠం: కేబుల్‌లో ఏం వస్తోంది?

బయటి రికార్డర్ అంటే కెమెరా నుంచి కేబుల్‌లో వచ్చే వీడియోను రాసుకునే విడి పరికరం. దాన్ని కెమెరా మీద కదలకుండా బిగించడం, బ్యాటరీలు సర్దుకోవడం మొదటి రెండు పాఠాల్లో అయిపోయాయి. ఇవాళ కెమెరానూ రికార్డర్‌నూ కలిపే కేబుల్ దగ్గరికి వద్దాం. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రికార్డర్ కొనగానే కెమెరా మారిపోతుందని అనుకుంటారు. కానీ కెమెరా ఏది పంపితే రికార్డర్ దాన్నే రాసుకుంటుంది, అంతకు మించి ఏమీ చేర్చలేదు.

సెన్సార్ నుంచి వచ్చిన బొమ్మ కెమెరాలో రెండు దారులు పడుతుంది. ఒకటి లోపలి కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) గుండా నలిగి కార్డులోకి వెళ్తుంది. రెండోది ఆ నలుగుడు లేకుండా హెచ్‌డీఎమ్‌ఐ లేదా ఎస్‌డీఐ పోర్టు నుంచి బయటికి వస్తుంది. మనకు కావలసింది ఈ రెండో దారి.

కానన్ సీ100నే తీసుకోండి. కార్డులో అది సెకనుకు 24 మెగాబిట్ల ఏవీసీహెచ్‌డీ అనే కుదించిన వీడియో రాస్తుంది. అందులో రంగు 4:2:0, అంటే నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్క రంగు సమాచారం. అదే కెమెరా హెచ్‌డీఎమ్‌ఐ నుంచి కుదింపు లేని 4:2:2 ఇస్తుంది, అంటే రెండు పిక్సెళ్లకు ఒకటి. గ్రీన్ మ్యాట్ ముందు నిలబడిన మనిషి జుట్టు అంచుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆ లాభం నిజమైనదే. కానీ ఆ పోర్టు నుంచి వచ్చేది 8 బిట్లే, ఒక్కో రంగుకు 256 మెట్లు. దాన్ని రికార్డర్‌లో 10 బిట్ల ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే ఫార్మాట్‌లో రాసినంత మాత్రాన 1024 మెట్లు రావు. చెంబెడు నీళ్లు బిందెలో పోస్తే బిందె నిండదు కదా. ఆకాశంలో పట్టీలు కనిపిస్తుంటే ముందు రికార్డర్‌ను కాదు, కెమెరా అవుట్‌పుట్ ఎన్ని బిట్లో చూడండి.

కొన్ని కెమెరాలతో బయటి రికార్డర్ లేకపోతే 4కే (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెళ్ల వీడియో) తీయడమే కుదరదు. 2014లో వచ్చిన సోనీ ఏ7ఎస్ తన కార్డులో 4కే రాయలేదు, హెచ్‌డీఎమ్‌ఐ గుండా మాత్రం పంపగలదు. కానన్ సీ500 కూడా 4కే రా వీడియోను (RAW, అంటే సెన్సార్ ఇచ్చిన పచ్చి సమాచారం) ఎస్‌డీఐ నుంచే బయటికిచ్చేది. రా విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆ కెమెరా పంపే రా వీడియోను ఆ రికార్డర్ గుర్తుపట్టాలి. రా వీడియోను రాసే ప్రోరెస్ రా అనే ఫార్మాట్ 2018లో వచ్చింది, అయినా రెండు డబ్బాల మీదా "రా" అని రాసి ఉన్నంత మాత్రాన జత కుదరదు. రెండింటి ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) వివరాల్లో అవతలి దాని పేరు ఉందో లేదో చూసుకోండి.

ఇక కేబుల్. వీలున్నప్పుడల్లా ఎస్‌డీఐనే ఎంచుకోండి. దాని బీఎన్‌సీ కనెక్టర్ తిప్పితే తాళం పడుతుంది. మామూలు హెచ్‌డీఎమ్‌ఐ కేవలం బిగుతు మీద నిలుస్తుంది, మోచెయ్యి తగిలినా సిగ్నల్ పోవచ్చు. హెచ్‌డీఎమ్‌ఐ తప్పనిసరైతే కేబుల్ క్లాంప్ పెట్టండి. ఎస్‌డీఐలో 1080 (ఫుల్ హెచ్‌డీ) బొమ్మకు సెకనుకు 60 ఫ్రేముల వరకు 3జీ (సెకనుకు 3 గిగాబిట్ల రకం) సరిపోతుంది, 4కే 60 ఫ్రేములు ఒకే తీగలో రావాలంటే 12జీ కావాలి. ఇంకొకటి గట్టిగా గుర్తుంచుకోండి: ముందు కరెంటు కేబుల్, ఆ తర్వాతే ఎస్‌డీఐ. తీసేటప్పుడు ముందు ఎస్‌డీఐ, ఆ తర్వాత కరెంటు. ఈ వరస తప్పితే కరెంటు ఎస్‌డీఐ తీగ గుండా దారి వెతుక్కుని కెమెరా పోర్టునే కాల్చేయవచ్చు.

పోర్టు నుంచి వచ్చే బొమ్మ మీద అక్షరాలు లేకుండా చూసుకోవడం మరో పని. నేను ఒకసారి సగం రోజు షూట్ చేశాక చూస్తే, ప్రతి షాట్ మూలలో బ్యాటరీ గుర్తు, మధ్యలో ఫోకస్ చట్రం ఉన్నాయి. కెమెరా తెర మీద కనిపించేవన్నీ ఫైల్లోకీ వెళ్లిపోయాయి. వాటిని ఇక తుడవలేం. కెమెరా మెనూలో అవుట్‌పుట్ మీద సమాచారం చూపించే సెట్టింగ్ వేరుగా ఉంటుంది, దాన్ని ఆపేయండి. రికార్డర్ సొంతంగా వేసే పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచులను చూపే గీతలు), జీబ్రా (వెలుగు ఎక్కువైన చోట వచ్చే చారలు) మాత్రం ఫైల్లోకి వెళ్లవు, వాటితో భయం లేదు. లట్ (LUT, రంగులను మార్చి చూపే పట్టిక) అలా కాదు. చూడటానికి మాత్రమే పెడుతున్నారా, రికార్డింగ్‌లోకీ ఎక్కిస్తున్నారా అన్నది సరిచూసుకోండి. లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకునేందుకు చప్పగా తీసే పద్ధతిలో) తీస్తుంటే ఫైల్ లాగ్‌గానే ఉండాలి.

కొన్ని కెమెరాలు 24 ఫ్రేముల బొమ్మను 60 ఫీల్డుల (సగం ఫ్రేముల) సిగ్నల్‌లో సర్ది పంపుతాయి. అలాంటప్పుడు కదిలే వస్తువు అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. ఫైల్‌ను ఒక్కో ఫ్రేమ్ చొప్పున జరపండి. ప్రతి అయిదింటిలో మూడు శుభ్రంగా, రెండు చీలి ఉంటే ఇదే సంగతి. రికార్డర్‌లో పుల్‌డౌన్ (ఈ సర్దుబాటు పేరు అదే) తీసేసే సెట్టింగ్ ఆన్ చేస్తే అసలు 24 ఫ్రేములు తిరిగి వస్తాయి.

చోటు లెక్క చిన్నదే, కాని షూటింగ్ మధ్యలో టెన్షన్ తప్పిస్తుంది. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ 1080లో 24 ఫ్రేములకు సెకనుకు 176 మెగాబిట్లు, గంటకు దాదాపు 79 జీబీ. యూహెచ్‌డీలో (4కే కొలతలో) 707 మెగాబిట్లు, గంటకు 318 జీబీ దాకా. అంటే 512 జీబీ ఎస్‌ఎస్‌డీలో యూహెచ్‌డీ గంటన్నర పైచిలుకు పడుతుంది. ఎస్‌ఎస్‌డీని కంప్యూటర్‌లో కాకుండా రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయండి. రికార్డింగ్ ఆగి ఫైల్ పూర్తిగా మూతపడేదాకా దాన్ని లాగకండి.

ఈ వారం సాధన: కెమెరా కార్డులోనూ రికార్డర్‌లోనూ ఒకేసారి రాసేలా పెట్టండి. కెమెరా బటన్ నొక్కితేనే రికార్డర్ మొదలయ్యేలా ట్రిగర్ ఆన్ చేసి, టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ పడే సమయం అంకె) కూడా కెమెరా నుంచే తీసుకోండి. ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టి చెయ్యి అడ్డంగా ఊపమనండి, వెనకాల రంగు మెల్లగా మారే గోడో ఆకాశమో ఉండాలి. రెండు ఫైళ్లనూ ఎడిటింగ్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి, 400 శాతం పెంచి, జుట్టు అంచు, చేతి కదలిక, వెనకటి రంగు చూడండి. తర్వాత రెండింటికీ ఒకే గ్రేడింగ్ (రంగుల దిద్దుబాటు) ఇచ్చి మళ్లీ చూడండి. టైమ్‌కోడ్‌లో ఒకటి రెండు ఫ్రేముల తేడా కనిపిస్తే ఎంతో రాసి పెట్టుకుని, ఆ ఫైళ్లను దాచండి. నాలుగో పాఠంలో ధ్వనిని సరిపెట్టేటప్పుడు అవే వాడతాం.