వెదురు బద్దలోని అంచెల నిర్మాణాన్ని ఇంట్లోనే పరిశీలించడం ఎలా?

వెదురు ఎంత గట్టిది? బద్దను బొంగు గోడలో ఏ వైపు నుంచి తీశారో, బరువు ఏ దిశలో పడుతోందో తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. బొంగులో నార కట్టలు, కట్టల్లో నార కణాలు, ఆ కణాల గోడల్లో కొన్ని నానోమీటర్ల మందమే ఉండే సెల్యులోజ్ పోగులు ఉంటాయి. పదార్థ శాస్త్రం దీన్నే అంచెల నిర్మాణం అంటుంది. పై రెండు అంచెలను, అంటే బొంగునూ నార కట్టలనూ, ఇంట్లోనే చూడవచ్చు. చివరిదాని పనితనాన్ని మాత్రం బద్ద ప్రవర్తనను బట్టి పసిగట్టాలి.

కావలసినవి: మూడు, నాలుగేళ్లు ముదిరి బాగా ఎండిన, దళసరి గోడ ఉన్న బొంగు, హాక్సా బ్లేడు, చాకు, శాండ్‌పేపర్, భూతద్దం, స్కేలు, రెండు ఇటుకలు, పావు లీటరు నీళ్ల సీసా. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. వెదురు పేడు గుచ్చుకుంటే తీయడం కష్టం.

1. రెండు కణుపుల మధ్య భాగాన్ని అడ్డంగా కోయండి. కణుపు దగ్గర నారలు వంకర తిరుగుతాయి కాబట్టి అక్కడ కోయవద్దు.

2. కోసిన ముఖాన్ని ముందు గరుకు, తర్వాత నునుపు శాండ్‌పేపర్‌తో రుద్ది, తడి గుడ్డతో తుడిచి భూతద్దంతో చూడండి. లేత రంగు మెత్తటి కణజాలంలో ముదురు చుక్కలు కనిపిస్తాయి. అవే నార కట్టలు. బయటి అంచున చిన్నవిగా, కిక్కిరిసి ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ పెద్దవై దూరం జరుగుతాయి. గాలికి వంగే బొంగులో ఎక్కువ ఒత్తిడి పడేది బయటి అంచు మీదే!

3. బొంగును నిలువునా చీల్చండి. చాకు సులభంగా దిగుతుంది. అది నారలను తెంచడం లేదు, వాటి మధ్య దారి చేసుకుంటోంది. బయటి వైపు నుంచి ఒక బద్ద, లోపలి వైపు నుంచి ఒకటి తీసి, రెండింటినీ సెంటీమీటరు వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందానికి చెక్కండి. ఇక్కడ తొందరపడితే తర్వాతి కొలతలన్నీ వృథా. మందం 10 శాతం పెరిగితే వంగకుండా నిలిచే శక్తి దాదాపు 33 శాతం పెరుగుతుంది.

4. ఇటుకలను 20 సెంటీమీటర్ల ఎడంగా పెట్టి, వాటి మీద బద్దను ఉంచి, నడిమధ్యన సీసా వేలాడదీయండి. ఎంత కుంగిందో కొలవండి. బయటి బద్ద తక్కువ కుంగుతుంది.

5. ఇప్పుడు గోడ పూర్తి మందంతో ఒక బద్ద తీసి విరవండి. సుద్దముక్కలా పటుక్కున రెండు కాదు. పగులు నార కట్టను చేరగానే అడ్డంగా తెంచలేక, దాని పక్కనే నిలువుగా పాకుతుంది. పేళ్లు లేచేది అందుకే. దారి పొడవు పెరిగినకొద్దీ పగులుకు ఖర్చయ్యే శక్తీ పెరుగుతుంది.

6. నాలుగో దశలో వాడిన బయటి బద్దను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, అదే బరువుతో మళ్లీ కొలవండి. ఈసారి ఎక్కువ కుంగుతుంది. నార కట్టలు అన్నే ఉన్నాయి, ఒక్కటీ తెగలేదు. సెల్యులోజ్ పోగులను పట్టి ఉంచే హెమీసెల్యులోజ్, లిగ్నిన్‌ల మధ్యకు నీరు చేరి ఆ పట్టును సడలించింది. భూతద్దానికి అందని అంచెలో వచ్చిన మార్పు స్కేలు మీద మిల్లీమీటర్లలో కనిపిస్తుంది.