బెంగళూరు తెలుగు గ్రూపులో పోస్టు పెట్టేవాళ్లకు, అడ్మిన్లకు

మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో కొత్తగా దిగినవాళ్లు ఇల్లు, రూమ్‌మేట్, సంక్రాంతికి ఊరెళ్లే కారులో సీటు వాట్సాప్ గ్రూపులోనే వెతుక్కుంటారు.

ఇల్లు అద్దెకుందని చెప్పాలంటే "టూ బీహెచ్‌కే ఖాళీ, కావాల్సినవాళ్లు పింగ్ చేయండి" అని వదిలేయకండి. వచ్చిన ప్రతివాళ్లూ అద్దెంతని అడుగుతారు, అసలు పోస్టు పైకెళ్లిపోతుంది. ఏరియా, మెట్రోకి దూరం, అంతస్తు, అద్దె, మెయింటెనెన్స్, అడ్వాన్స్ ఎన్ని నెలలది, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు, ఎప్పటి నుంచి ఇస్తారు, అన్నీ ఒకే మెసేజ్‌లో రాయండి. నీళ్లు కావేరివా, బోరువా, ట్యాంకరా అన్నది తప్పకుండా ఉండాలి. వేసవిలో ట్యాంకర్ ఖర్చు నెల బడ్జెట్‌నే మార్చేస్తుంది. తప్పు పడితే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేసుకోవచ్చు. ఇల్లు కుదిరాక అదే పోస్టుకి "అయిపోయింది" అని రిప్లై పెట్టండి.

రక్తం కావాలనే పోస్టులో తేదీ, ఆసుపత్రి, ఎన్ని యూనిట్లో ఉండాలి. తేదీ లేనివి నెలల తరబడి తిరుగుతూనే ఉంటాయి. అడ్మిన్ ముందు పోస్టులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, అవసరం తీరి ఉంటే తీసేయాలి.

అడ్మిన్లు కనీసం ముగ్గురుండాలి. ఉన్న ఒక్క అడ్మినూ వెళ్లిపోతే వాట్సాప్ తనంతట తనే ఎవరో ఒకరిని అడ్మిన్ చేస్తుంది. కొత్తవాళ్లు అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరేలా సెట్టింగ్ పెట్టండి, లింకు బయటికి పొక్కితే రీసెట్ చేయండి. ఇల్లు చూపించకుండానే టోకెన్ అడ్వాన్స్ అడిగే పోస్టులు అలా జొరబడ్డవాళ్లవే ఎక్కువ. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, అందుకోవడానికి అక్కర్లేదని అందరికీ చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పోస్టు తీసేయాల్సి వస్తే ముందు స్క్రీన్‌షాట్ తీసి మిగతా అడ్మిన్లకు చూపండి. తీసేశాక ఏ నియమం తప్పిందో పెట్టినవాళ్లకు విడిగా, ఆ రోజే చెప్పండి. గ్రూపులో నిలదీస్తే పరువు కోసం వాదన మొదలవుతుంది. రాజకీయాల గొడవ ముదిరితే రాత్రికి అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చి, ఎన్ని గంటలకు తెరుస్తారో రాసి పెట్టండి. ఆ మాట తప్పితే జనం వేరే గ్రూపు పెట్టుకుంటారు.

సభ్యులు పెట్టినదానికి కేసులో ఇరుక్కుంటామేమోనని చాలామంది అడ్మిన్లు భయపడతారు. కేవలం అడ్మిన్ అయినందుకు బాధ్యుణ్ణి చేయలేమని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అందులో తన చెయ్యి కూడా ఉంటే మాత్రం సంగతి వేరు.