పన్ను ఆరాలి, ఎండిపోకూడదు: ఫిల్లింగ్ గట్టిగా అతకాలంటే తడిని ఎలా అదుపు చేయాలి?

పంటికి పెట్టించుకున్న తెల్ల సిమెంటు ఏడాది తిరగకముందే ఊడిపోతే చాలామంది మందు నాసిరకమని తేల్చేస్తారు. మందు మంచిదే కావచ్చు. పెట్టిన రోజున పంటి మీద తడి ఎక్కువై ఉండవచ్చు, లేదా ఉండవలసిన తడి కూడా లేకుండా పోయి ఉండవచ్చు.

రెండో మాట వింతగా అనిపిస్తే వాకిట్లో ముగ్గును గుర్తు చేసుకోండి. కళ్లాపి నీళ్లు నిలిచిన చోట పిండి కరిగి పాకిపోతుంది. బొత్తిగా ఎండిన నేల మీద గాలికి లేచిపోతుంది. చెమ్మగా ఉన్న నేలే ముగ్గును పట్టుకుంటుంది. పంటి లోపలి పొర అయిన డెంటిన్ స్వభావమూ ఇంతే. పైనున్న ఎనామిల్ సంగతి వేరు. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే కాబట్టి ఎంత ఆరినా నష్టం లేదు. డెంటిన్‌లో ఖనిజం సుమారు 70 శాతం, మిగిలినది ముఖ్యంగా కొల్లాజెన్ పోగులు, నీరు. ఒకే గుంటలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, చిక్కంతా అక్కడే.

కుర్చీలో పని ఏ వరుసలో జరగాలో చూద్దాం.

1. ముందు ఉమ్మిని దూరం పెట్టాలి. అందుకు అన్నిటికంటే నమ్మదగినది రబ్బర్ డ్యామ్. పలుచని రబ్బరు గుడ్డకు చిన్న రంధ్రం చేసి, పన్ను ఒక్కటే బయటికి కనబడేలా తొడుగుతారు. 1864లో అమెరికా దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఉమ్మితో పాటు మన ఊపిరిలోని ఆవిరిని కూడా పంటికి తగలనివ్వదు. ఊపిరాడదేమోనని వద్దనేవాళ్లున్నారు గానీ ముక్కుతో గాలి పీలిస్తే ఇబ్బంది ఉండదు. జలుబుతో ముక్కు దిబ్బడ వేసి ఉంటే ముందే చెప్పి మరో రోజు వెళ్లడం మేలు. డ్యామ్ వీలుకాకపోతే దూది చుట్టలు, సక్షన్ గొట్టం ఉన్నాయి. అప్పుడు మీరు నాలుకను కదల్చకుండా ఉండాలి, ఏదైనా చెప్పాలంటే చెయ్యి ఎత్తాలి.

2. తర్వాత, పంటి పైపొరలోని ఖనిజాన్ని కొంత తీసేసి ఫిల్లింగ్‌కు పట్టు కల్పించే ఆమ్లం జెల్. సాధారణంగా 35 నుంచి 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం. ఎనామిల్ మీద 15 నుంచి 30 సెకన్లు, డెంటిన్ మీద 15 సెకన్లకు మించకుండా ఉంచుతారు. లోహానికి రంగు బాగా పట్టడానికి పరిశ్రమల్లో ఈ ఆమ్లం వాడటం చూసి, 1955లో మైకేల్ బ్యూనకోర్ దాన్ని పంటి మీద ప్రయోగించాడు.

3. ఇక అసలు ఘట్టం, కడిగి ఆరబెట్టడం. ఎనామిల్ ఆరగానే సుద్దముక్కలా తెల్లబడాలి. అదే గాలిని డెంటిన్ మీద జోరుగా కొడితే పని చెడుతుంది. ఆమ్లం ఖనిజాన్ని తీసేశాక మిగిలిన కొల్లాజెన్ పోగులు నీటి ఆసరాతోనే విడివిడిగా నిలబడతాయి. నీరు పోగానే తడి జుట్టులా ఒకదానికొకటి అతుక్కుని చతికిలబడతాయి. ఫిల్లింగ్‌ను పంటికి అతికించే జిగురు లాంటి ద్రవం, అంటే బాండు, వాటి మధ్యకు దిగలేదు. కింద సన్నని నాళాలు మూతపడకుండా ఉండిపోతాయి, చల్లనీళ్లు తాగితే పన్ను జివ్వుమంటుంది.

అందుకే డెంటిన్ మీది నీటిని చిన్న దూది ఉండతో అద్ది తీస్తారు. పైన సన్నని మెరుపు కనబడాలి, నీరు మాత్రం నిలవకూడదు. పొరపాటున ఎండిపోతే తడి బ్రష్షుతో మళ్లీ చెమ్మ చేయవచ్చు, పోగులు చాలావరకు లేస్తాయి. నీరు ఎక్కువైతే బాండు పలచబడి, మధ్యలో బొట్లు చిక్కుకుపోతాయి.

4. బాండును బ్రష్షుతో రుద్ది, మెల్లని గాలితో అందులోని ద్రావకాన్ని ఆవిరి చేయాలి. అసిటోన్, ఆల్కహాల్ లాంటి ద్రావకాలు పోతూ పోతూ నీటిని కూడా వెంటబెట్టుకుపోతాయి. పైపొర అలలాడటం ఆగాకే బాండును గట్టిపరిచే నీలి కాంతి వేయాలి. గాలి గొట్టంలోంచి నీరో నూనో వస్తుంటే ఇంతవరకు పడిన శ్రమ వృథా. ముందే అద్దం మీద ఊది చూసుకునే డాక్టరంటే నాకు గౌరవం.

సెల్ఫ్ ఎచ్ రకం బాండులో ఆమ్ల గుణం, నీరు ముందే ఉంటాయి. వాటికి విడిగా ఆమ్లం, కడగడం అక్కరలేదు, అందుకే చేతి పొరపాట్లకు చోటు తక్కువ. ఎంత తడి ఉండాలన్నది ఆ సీసాతో వచ్చిన కాగితం చెప్పాలి, పాత అలవాటు కాదు.

మధ్యలో ఉమ్మి తగిలితే తుడిచి ఊరుకోకూడదు. ఉమ్మిలోని ప్రోటీన్లు పొరలా అంటుకుంటాయి కాబట్టి కడిగి, ఆ మెట్టు మళ్లీ చేయాలి. చిగురు నుంచి రక్తం కారుతుంటే ముందు చిగుళ్లు బాగుచేయించుకుని తర్వాత ఫిల్లింగ్‌కు వెళ్లడం మేలు. తడి ఆపడం వీలుకాని చోట గ్లాస్ అయనమర్ సిమెంటు వాడతారు. అది కొంత తడిని ఓర్చుకుంటుంది, అందంలో మాత్రం కాస్త వెనకబడుతుంది.