రోజూ చేసే పనులను ఇంగ్లీషులో చెప్పడం ఎలా

విశాఖపట్నం మద్దిలపాలెంలో నా దగ్గర స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకుంటున్న ఒక అమ్మాయి, ఉద్యోగపు ఇంటర్వ్యూకు సిద్ధమవుతూ, తండ్రి గురించి ‘మై ఫాదర్ ఈజ్ గోయింగ్ టు స్టీల్ ప్లాంట్’ అని చెప్పింది. ఆ సమయానికి ఆయన రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి గాజువాకలోని ఇంట్లో నిద్రపోతున్నారు. ఆమె మాట విన్నవారికి మాత్రం ఆయన అప్పుడే ప్లాంటుకు బయలుదేరి దారిలో ఉన్నట్టు అర్థమవుతుంది. ఆయన ఉద్యోగం అక్కడ అని చెప్పాలంటే ‘మై ఫాదర్ వర్క్స్ ఎట్ ది స్టీల్ ప్లాంట్’ అనాలి.

ఈ పొరపాటు తెలివితక్కువతనం వల్ల వచ్చేది కాదు, తెలుగు అలవాటు వల్ల వచ్చేది. ‘మా నాన్నగారు స్టీల్ ప్లాంటులో పనిచేస్తున్నారు’ అని మనం సహజంగానే అంటాం, ఆ ‘తున్నారు’ను ఇంగ్లీషులో ‘ఇంగ్’గా మార్చేస్తాం. అలాగే ‘రోజూ వెళ్తాను’, ‘రేపు వెళ్తాను’ అనే రెండు చోట్లా మనకు క్రియ ఒక్కటే కావడం వల్ల, కొందరు అలవాటును కూడా ‘ఎవ్రీ డే ఐ విల్ గో’ అని భవిష్యత్తులో చెబుతారు. అలవాటును చెప్పడానికి ‘ఐ యామ్ గోయింగ్’, ‘ఐ విల్ గో’ రెండింటికీ బదులు ‘ఐ గో’ చాలు. ఈ రూపాన్నే సింపుల్ ప్రెజెంట్ అంటారు.

బడిలో తెలుగు వ్యాకరణం చదివినవారికి తద్ధర్మ క్రియ గుర్తుండే ఉంటుంది. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’, ‘పక్షులు ఎగురుతాయి’ వంటి వాక్యాలలో క్రియ ఏ ఒక్క కాలానికీ కట్టుబడకుండా స్వభావాన్ని చెబుతుంది. సింపుల్ ప్రెజెంట్‌ను ఆ తద్ధర్మంగా భావించి నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పేరులో ‘ప్రెజెంట్’ ఉన్నా, అలవాట్లను చెప్పేటప్పుడు అది ఈ క్షణాన జరుగుతున్న పనిని చెప్పదు. అనుమానం వచ్చినప్పుడు వాక్యానికి ముందు ‘రోజూ’ గాని ‘ఏటా’ గాని చేర్చి చూడండి. అర్థం చెడకపోతే సింపుల్ ప్రెజెంట్ వాడండి. ‘ఇదిగో, ఇప్పుడే’ అన్నది మాత్రమే అతికితే ‘ఇంగ్’ వాడండి. ఉదయాన్నే బీచ్ రోడ్డులో నడవడం మీ అలవాటైతే ‘ఐ వాక్ ఆన్ ది బీచ్ రోడ్ ఎవ్రీ మార్నింగ్’ అనాలి. నడుస్తూ ఉండగా ఫోను వస్తే ‘ఐ యామ్ వాకింగ్’ అనాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో మరబోట్లు ఫిషింగ్ హార్బర్‌లోనే ఉంటాయి కాబట్టి ‘ది బోట్స్ స్టే ఇన్ ది హార్బర్’ అంటాం. సింహాచలంలో చందనోత్సవం ఏటా అక్షయ తృతీయనాడు వస్తుంది కాబట్టి ‘చందనోత్సవం కమ్స్ ఎవ్రీ ఇయర్’ అంటాం.

క్రియారూపాల విషయంలో తెలుగే కష్టం. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు అని మనం మార్చేచోట ఇంగ్లీషులో ‘గో’, ‘గోజ్’ అనే రెండే ఉన్నాయి. హీ, షీ, ఇట్ అనదగిన ఒక్కరికి లేదా ఒక్కదానికి మాత్రమే చివర ‘ఎస్’ చేరుతుంది. అయితే తండ్రినీ గురువునూ ‘వెళ్తారు’ అని బహువచనంలో గౌరవించే అలవాటు మనది కాబట్టి, ఆ మర్యాద మనసులో ఉండి ‘మై ఫాదర్ గో’ అనేవారున్నారు. ఇంగ్లీషులో మనిషి ఒక్కరైతే, ఎంత పెద్దవారైనా, ‘గోజ్’ అనే అనాలి. అందులో అమర్యాద ఏమీ లేదు. రాసేటప్పుడు వాచ్, వాష్, గో వంటి వాటికి ‘ఇఎస్’ చేరుతుంది, స్టడీలో ‘వై’ పోయి ‘ఐఇఎస్’ వస్తుంది, హావ్ కాస్తా హాజ్ అవుతుంది.

కాదనడానికీ అడగడానికీ ‘డు’, ‘డజ్’ కావాలి. ‘డజ్’ వచ్చిందంటే ‘ఎస్’ అందులోకి వెళ్లిపోయినట్టే, కాబట్టి అసలు క్రియకు మళ్లీ చేర్చకూడదు. ‘షీ డజంట్ ఈట్ ఫిష్’ సరైనది, ‘షీ డజంట్ ఈట్స్’ తప్పు. ఆల్వేస్, యూజువల్లీ, నెవర్ వంటి మాటలు సాధారణంగా క్రియకు ముందు వస్తాయి, యామ్, ఈజ్, ఆర్ ఉన్నప్పుడు వాటి తరువాత వస్తాయి: ‘హీ ఆల్వేస్ కమ్స్ లేట్’, ‘హీ ఈజ్ ఆల్వేస్ లేట్’.

సాధన కోసం నిద్ర లేచినప్పటి నుంచి ఆర్‌టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఎక్కేవరకు మీరు చేసే పనులను ‘ఐ’తో ఎనిమిది వాక్యాలుగా రాయండి. తరువాత ప్రతి ‘ఐ’ స్థానంలో ‘మై మదర్’ అని పెట్టి, ‘మై’లు ‘హర్’లుగా మార్చి, గట్టిగా చదవండి. ‘ఎస్’ లేని క్రియ ఎక్కడైనా మిగిలి ఉంటే మీ చెవే పట్టుకుంటుంది. దాన్ని సరిచేసి మళ్లీ చదవండి.