తెరచాప పడవ మాస్టు, 4వ పాఠం: కొన మీద ఏది ఎక్కడ?

పోయిన పాఠంలో మాస్టు (తెరచాపను నిలిపే స్తంభం) లోపలి గొట్టం గుండా కేబుళ్లు లాగి, పైచివర మీటరు పొడవు అదనంగా వదిలాం. ఇప్పుడు వాటి కొసలకు సామాను తగిలిద్దాం. మాస్టు ఇంకా స్టాండ్ల మీద పడుకునే ఉండాలి. నిలబెట్టాక 15 మీటర్ల ఎత్తున తాడుకు వేలాడుతూ ఒక స్క్రూ బిగించడం ఎంత కష్టమో, అది చేతిలోంచి జారినప్పుడుగానీ తెలియదు.

పైకి వెళ్లేవి నాలుగు: పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో యాంటెన్నా, దీపం, గాలి వేగాన్నీ దిశనూ పసిగట్టే సెన్సరు, గాలి దిశ చూపే బాణం. అవి నిలవాల్సిన పలక మాత్రం రెండు అరచేతులంత. నాలుగూ అందరికంటే పైనే ఉండాలంటాయి. కాబట్టి దేన్ని ఎక్కడ పెట్టాలి అని కాకుండా, దేని చుట్టూ ఏమి ఉండకూడదు అని మొదలుపెడితే పంపకం తేలికవుతుంది.

యాంటెన్నాకు చుట్టూ లోహం ఉండకూడదు. 156 మెగాహెర్ట్‌జ్ దగ్గర సగం తరంగం పొడవు సుమారు 95 సెంటీమీటర్లు. సన్నని స్టీలు పుల్లలా కనిపించే యాంటెన్నా దాదాపు మీటరు ఉండటానికి కారణం అదే. పక్కనే మరో నిలువు కడ్డీ ఉంటే రేడియో శక్తిలో కొంత దాని మీదికి మళ్లి, ఒక దిక్కున సిగ్నల్ పలచబడుతుంది. అందుకే దీన్ని పలక వెనక అంచుకు, వీలైతే 20, 30 సెంటీమీటర్లు వెనక్కి సాగిన బ్రాకెట్‌కు బిగించండి. ఎత్తు వల్ల వచ్చే లాభం చిన్నది కాదు. రేడియో చూపు దూరం నాటికల్ మైళ్లలో, మీటర్ల ఎత్తుకు వర్గమూలం కట్టి 2.23తో గుణిస్తే వస్తుంది. 15 మీటర్లకు 8.6 మైళ్లు, 2 మీటర్ల ఎత్తున్న రెయిలింగుకు కేవలం 3. అవతలి పడవ యాంటెన్నా ఎత్తు తాలూకు దూరం దీనికి కలుస్తుంది.

ఇంత ఎత్తు సంపాదించి సన్నని కేబుల్‌లో పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ఆర్‌జీ-58 రకం 20 మీటర్లలో సుమారు 4 డెసిబెల్లు తినేస్తుంది. రేడియో 25 వాట్లు పంపితే కొనకు చేరేవి 10. ఆర్‌జీ-213 వేస్తే 16 దాకా చేరతాయి. కాకపోతే అది లావు, బరువు. బరువు లెక్క కూడా గుర్తుంచుకోండి: 15 మీటర్ల పైన కిలో పెడితే, దాని ఒరుగుడును సరిచేయడానికి నీళ్లలో ఒకటిన్నర మీటరు కిందున్న కీల్‌కు (పడవ అడుగున బరువుగా ఉండే రెక్కకు) 10 కిలోలు చేర్చాల్సి వస్తుంది. పలకను స్టీలుతో కాక అల్యూమినియంతో చేయించేది ఇందుకే.

సెన్సరుకు చెదరని గాలి కావాలి. దాని చేతిని ముందుకూ కాస్త పైకీ చాచి బిగిస్తారు. ముందువైపు స్పినేకర్ హాల్యార్డు (ముందు కట్టే పెద్ద బుడగ తెరచాపను పైకి లాగే తాడు) కూడా ఉంటుందని మరవకండి. ఆ తాడు కప్పీలోంచి బయటికొచ్చి, గాలి మారినప్పుడల్లా ఇటు నుంచి అటు ఊగుతుంది. నేల మీదే ఆ తాడును బిగువుగా పట్టుకుని, రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి చూడండి. సెన్సరు చేతికి ఒక్కసారి తగిలినా సముద్రం మీద వందసార్లు తగులుతుంది, గాలికి తిరిగే దాని చిన్న గిన్నెలు విరుగుతాయి. బాణాన్ని చుక్కాని దగ్గర నుంచి తలెత్తితే కనపడేలా పెట్టండి. దాని తోక యాంటెన్నాను తాకకుండా పూర్తి చుట్టు తిరగాలి.

దీపం దగ్గర కాస్త ఆగుదాం, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. 20 మీటర్లలోపు తెరచాప పడవ ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, వెనక తెలుపు వెలుగులను ఒకే డబ్బాలో మాస్టు కొన మీద పెట్టుకోవచ్చని సముద్రంలో పడవలు ఢీకొనకుండా చూసే అంతర్జాతీయ నియమాల్లో 25వది అనుమతిస్తుంది. ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రం అది ఆర్పేసి కింది దీపాలు వేయాలి. కాబట్టి రెండింటికీ స్విచ్చులు వేరుగా ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ కలిసే గీత సరిగ్గా పడవ ముక్కువైపు చూడాలి. ఫోర్‌స్టే (మాస్టును ముక్కువైపు పట్టి ఉంచే తీగ) కొక్కెం మధ్యనుంచి దీపం అడుగు మధ్యకు దారం లాగి, ఆ దారం వెంట గీత కుదిరేలా డబ్బాను తిప్పి గుర్తు పెట్టాకే రంధ్రం వేయండి. ఐదారు డిగ్రీలు పక్కకు పోయినా ఎదురొచ్చేవాడికి తప్పు రంగు కనిపిస్తుంది. గాజు భాగం పలక మీది మిగతా సామాను కంటే పైకి ఉండాలి. సన్నని యాంటెన్నా ఒక్కటీ పక్కన నిలిస్తే ఫర్వాలేదు. లంగరు దీపం కూడా సాధారణంగా ఈ డబ్బాలోనే పైన ఉంటుంది. కిక్కిరిసిన లంగరు చోట చిన్న పడవలో వచ్చేవాడు అంత ఎత్తుకు చూడడు, అక్కడ కింద మరో దీపం వేలాడదీయడం మేలు.

ఎల్‌ఈడీ దీపం కొంటే ఇంకో పరీక్ష చేయాలి. దాని లోపలి సర్క్యూట్ పుట్టించే గోల పక్కనున్న యాంటెన్నాలోకి దూరుతుంది. అమెరికా కోస్ట్ గార్డ్ 2018లో దీనిపై హెచ్చరిక కూడా ఇచ్చింది. యాంటెన్నా బిగించాక, ఎవరూ మాట్లాడని ఛానెల్‌లో స్క్వెల్చ్‌ను (రేడియోలో గరగరను అణచే మీటను) గరగర సరిగ్గా ఆగే చోట ఆపి, దీపం వేయండి. గరగర మళ్లీ వస్తే ఆ దీపం పైకి ఎక్కకూడదు.

బిగింపు విషయానికొస్తే, 5 మిల్లీమీటర్ల స్టీలు స్క్రూకు 4.2 డ్రిల్లు వేసి మరలు చెక్కండి. ప్రతి మరకూ లోహాలను విడదీసే పేస్టు రాయాల్సిందే. ఉప్పునీటిలో స్టీలు, అల్యూమినియం కలిస్తే తెల్లని పొడిగా తినేసేది అల్యూమినియాన్నే. రెండేళ్ల తర్వాత స్క్రూ తల తెగిపోతుంది గానీ మర కదలదు.

కనెక్టరు మీద తనంతట తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టేటప్పుడు దాన్ని రెట్టింపు పొడవుకు సాగదీసి, కింది నుంచి పైకి, సగం సగం కప్పుతూ రండి. పై చుట్టు కింది చుట్టు మీద ఇంటి పెంకుల్లా పడాలి. పైనుంచి కిందికి చుడితే ప్రతి అంచూ నీటిని పట్టే గిన్నె అవుతుంది. ఎండకు రబ్బరు పగలకుండా దాని మీద మామూలు పీవీసీ టేపు ఒక పొర వేయండి. మాస్టులోకి దిగే ముందు కేబుల్‌ను కిందికి వంచి ఒక వంకీ వదలండి, నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది. పదిహేను మీటర్ల కేబుల్ బరువు కనెక్టరు మోయకూడదు. అది మోయాల్సింది మాస్టు గోడకు బిగించిన క్లిప్పు.

తర్వాతి పాఠానికి ముందు అట్ట మీద మీ పలకను అసలు కొలతకు గీసి, నాలుగు వస్తువులనూ దాని మీద నిలబెట్టి చూడండి. డ్రిల్లు పట్టడం ఆ తర్వాతే. నీటిమట్టం నుంచి యాంటెన్నా చివరి వరకు ఎత్తు రాసిపెట్టుకోండి. వంతెన కిందినుంచి వెళ్లేటప్పుడు అక్కరకొచ్చేది ఆ అంకె, మాస్టు పొడవు కాదు. మాస్టు నిలబెట్టి రేడియోను పరీక్షించడం 5వ పాఠంలో.