చిన్న హోంబిల్ట్ విమానాన్ని తక్కువ పవర్‌తో దించడం ఎలా?

అమెరికాలో సొంత గ్యారేజీలో విమానం కట్టుకుని ఎగరేసేవాళ్లు ఈ రోజు పుట్టుకొచ్చినవాళ్లు కాదు. పాల్ పోబెరెజ్నీ 1953లో మొదలుపెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ వాళ్ల కోసం పుట్టిందే. అది ఏటా ఓష్‌కోష్‌లో జరిపే మేళాకు ఇలాంటి విమానాలు వందల్లో వస్తాయి. వీటిని నడిపేవాళ్లలో చాలామంది ల్యాండింగ్‌కి వచ్చేటప్పుడు ఇంజిన్ పవర్ బాగా తగ్గించి, దాదాపు గ్లైడ్ చేస్తూ దిగడానికే ఇష్టపడతారు.

దానికి కారణం చిన్న లెక్కలో ఉంది. పెద్ద విమానాలు దిగే 3 డిగ్రీల వాలులో మీరు 19 అడుగులు ముందుకు వెళ్తే ఒక్క అడుగు కిందికి దిగుతారు. ఇంజిన్ ఆగిపోతే మామూలు చిన్న విమానం సుమారు 9 అడుగులకే ఒక అడుగు దిగిపోతుంది. అంటే ఆ పల్చటి వాలులో వస్తుండగా ఇంజిన్ మొరాయిస్తే రన్‌వే అందదు, ముందున్న పొలమో కంచో గతి. కొత్తగా బిగించిన ఇంజిన్‌ని, సొంతంగా వేసిన ఇంధన పైపుల్ని నమ్ముకుని అంత రిస్క్ తీసుకోవడం నాకు నచ్చదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది చదివి ఒక్కరే వెళ్లి ప్రయత్నించేది కాదు. ఆ మోడల్ బాగా తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ పక్కసీట్లో ఉండాలి.

ముందు మీ విమానం అంకెలు తెలుసుకోండి

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. ఫ్యాక్టరీ విమానానికి పుస్తకంలో స్పీడులు రాసి ఉంటాయి. హోంబిల్ట్‌కి కిట్ కంపెనీ ఇచ్చే అంకెలు అంచనాలే. బయటి గాలి పీడనాన్ని మీటరుకి అందించే రంధ్రం, అంటే స్టాటిక్ పోర్టు, నాలుగంగుళాలు అటూ ఇటూ అయినా స్పీడు మీటరు వేరేగా చూపిస్తుంది. పక్క హ్యాంగర్‌లో ఉన్న అదే మోడల్ అంకెలు మీకు పనికిరావు.

అందుకే ముందు మీటరు ఎంత నిజం చెబుతోందో చూడండి. గాలి నెమ్మదిగా ఉన్న ఉదయం ఒకే ఎత్తులో, ఒకే స్పీడుతో నాలుగు దిక్కులకూ ఎగిరి, జీపీఎస్ చూపిన నేల స్పీడుల సగటు తీయండి. ఎత్తు, ఉష్ణోగ్రతల లెక్క సరిచేశాక మీటరు తేడా బయటపడుతుంది. తర్వాత నేల నుంచి 4,000 అడుగులకు పైన థ్రాటిల్ ఐడిల్‌కి తెచ్చి, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) లేకుండా ఒకసారి, ఫ్లాప్స్ దించి ఒకసారి స్టాల్ స్పీడు, అంటే రెక్కలు ఇక విమానాన్ని మోయలేకపోయే స్పీడు, చూసుకోండి. ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా నేరుగా దిగే చివరి వరసలో, స్పీడు ఫ్లాప్స్ దించినప్పటి స్టాల్ స్పీడుకి 1.3 రెట్లు ఉండాలని అందరూ చెప్పే లెక్క. స్టాల్ 50 నాట్లైతే 65 నాట్లు.

ఇందులో ఒక మెలిక ఉంది. ముక్కు బాగా పైకెత్తి నెమ్మదిగా వెళ్తున్నప్పుడు చాలా మీటర్లు తక్కువ చూపిస్తాయి. అసలు స్టాల్ 50 అయి మీటరు 45 చూపిస్తే, మీరు 45ని 1.3తో గుణించి 58 చాలనుకుంటారు. ఆ 58 దగ్గర మీటరు తప్పు చాలావరకు తగ్గిపోయి ఉండొచ్చు. అప్పుడు మీ చేతిలో ఉన్నది 1.3 కాదు, 1.2 కూడా కాకపోవచ్చు. సరిచేసిన అంకెనే గుణించాలి.

ఇప్పుడు గ్లైడ్. ఐడిల్‌లో 5 నాట్ల తేడాతో కొన్ని స్పీడుల దగ్గర నిమిషం చొప్పున దిగుతూ, ఎన్ని అడుగులు పోయాయో రాసుకోండి. 65 నాట్ల దగ్గర నిమిషానికి 700 అడుగులు పోతే మీ గ్లైడ్ సుమారు 9.4కి 1. వెయ్యి అడుగుల నుంచి గాలి లేనప్పుడు దాదాపు మూడు కిలోమీటర్లు వెళ్తారు. అదే ఎత్తులో 30 డిగ్రీలు వాల్చి 180 డిగ్రీలు తిరిగి చూడండి. ఇలాంటి విమానం ఆ ఒక్క తిరుగుడులోనే 250 నుంచి 300 అడుగులు పోగొట్టుకుంటుంది. కింద అన్నిటికన్నా పనికొచ్చే అంకె ఇదే.

డౌన్‌విండ్‌లో

డౌన్‌విండ్ అంటే దిగే దిశకి వ్యతిరేకంగా రన్‌వే పక్కనుంచి వెళ్లే వరస. అక్కడ నేల నుంచి 1,000 అడుగుల ఎత్తులో, మామూలుకన్నా రన్‌వేకి దగ్గరగా ఉండండి. దిగాలనుకున్న చోటు సరిగ్గా పక్కకి వచ్చేలోపే కార్బ్యురేటర్ హీట్ (ఇంజిన్‌కి వేడి గాలి పంపే మీట) లాగండి, ఆ తర్వాతే పవర్ తగ్గించండి. థ్రాటిల్ మూసినప్పుడే కార్బ్యురేటర్‌లో మంచు కట్టే అవకాశం ఎక్కువ. దానికి చలికాలమే అక్కర్లేదు, తేమ ఉంటే 38 డిగ్రీల ఎండలో కూడా కడుతుంది. మన కోస్తా ఉక్కపోత అలవాటైనవాళ్లకి ఇది నమ్మబుద్ధి కాదు, కానీ నిజం.

మొదట్లో పూర్తిగా ఐడిల్ వద్దు, కొంచెం పవర్ ఉంచి అలవాటయ్యాక తగ్గించుకుంటూ రండి. ముక్కుతో గ్లైడ్ స్పీడు పట్టుకుని, స్టిక్ మీద బలం పెట్టకుండానే అది నిలిచేలా ట్రిమ్ చేయండి. కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ (ఆకుల కోణం తానే మార్చుకునేది) ఉన్న ఆర్వీలాంటి కిట్ విమానమైతే, థ్రాటిల్ మూయగానే ప్రొపెల్లరే బ్రేకులా పట్టుకుంటుంది. ఆ దిగుడు మొదటిసారి చూసినవాళ్లకి టెన్షన్ పుట్టిస్తుంది. అలాంటి విమానాన్ని ఇంకా దగ్గరగా తిప్పుకోవాలి.

బేస్, అక్కడి ఉచ్చు

డౌన్‌విండ్‌కీ ఫైనల్‌కీ మధ్య అడ్డంగా వెళ్లే వరసే బేస్. ఎదురుగాలి గట్టిగా ఉంటే బేస్‌కి తొందరగా తిరగండి. బేస్‌లోకి వచ్చేసరికి 500, 600 అడుగులుండాలి. ఎత్తు ఎక్కువైందా, కాస్త దూరంగా తిరగండి. తక్కువైందా, మూలకోసి నేరుగా రన్‌వే వైపు రండి. అదీ చాలకపోతే పవర్ పెట్టండి, అందులో నామోషీ ఏమీ లేదు. ముక్కెత్తి గ్లైడ్‌ని సాగదీయాలని మాత్రం చూడకండి. స్పీడు పోతుంది, దూరం పెరగకపోగా తగ్గుతుంది. నా లెక్కలో ఎప్పుడూ కాస్త ఎక్కువ ఎత్తుతోనే రావాలి. ఉన్న ఎత్తుని పారబోసుకోవచ్చు, లేనిదాన్ని ఎక్కడినుంచి తెస్తాం?

బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగేచోట చాలా ప్రాణాలు పోయాయి. రన్‌వే వరస దాటిపోతున్నట్టు అనిపించగానే పైలట్ చేయి బెదురుతుంది. ఎక్కువ వాల్చడానికి భయపడి లోపలివైపు రడ్డర్ తొక్కుతాడు, ముక్కు కిందికి పోతుంటే స్టిక్ వెనక్కి లాగుతాడు. స్పిన్‌లోకి, అంటే గిరగిరా తిరుగుతూ పడిపోవడంలోకి, వెళ్లడానికి చేయాల్సిన పని కూడా అచ్చంగా ఇదే. ఎత్తు నిలుపుకుంటూ తిరిగితే, మామూలుగా 50 నాట్ల దగ్గర స్టాలయ్యే విమానం రెక్క 30 డిగ్రీలు వాల్చినప్పుడు 54 దగ్గర, 45లో 59 పైన, 60లో దాదాపు 71 దగ్గర స్టాలవుతుంది. మీరు 65తో వస్తున్నారని మర్చిపోవద్దు. రెక్క వాలు 30 దాటనివ్వకండి, పక్కకి జారుతున్నామేమో చూపే మీటరులోని బంతిని మధ్యలో ఉంచండి, వరస దాటిపోతే గో-అరౌండ్ చేయండి, అంటే దిగడం మానేసి మళ్లీ పైకెళ్లండి.

ఫైనల్‌లో

ముందు అద్దంలోంచి రన్‌వే మీద ఒక గుర్తు ఎంచుకోండి. అది పైకి జరుగుతుంటే మీరు ముందే పడిపోతారు, కిందికి జరుగుతుంటే దాటిపోతారు, కదలకుండా పెద్దదవుతుంటే అక్కడికే వెళ్తున్నారు. రన్‌వే అందుతుందని ఖాయమయ్యేవరకూ పూర్తి ఫ్లాప్స్ వేయకండి. పక్కన పాపీ లైట్లుంటే (దిగే వాలు సరిగ్గా ఉందో రంగుతో చూపేవి) నాలుగూ తెల్లగా కనిపిస్తాయి. అవి 3 డిగ్రీల వాలు కోసం పెట్టినవి కాబట్టి కంగారు పడక్కర్లేదు.

ఇంకా ఎత్తుగా ఉంటే సైడ్ స్లిప్ చేయండి: ఒక రెక్క వాల్చి, ఎదురు రడ్డర్ తొక్కాలి. స్లిప్‌లో స్టాటిక్ పోర్టు మీద గాలి వంకరగా తగులుతుంది కాబట్టి స్పీడు మీటరుని నమ్మకండి. ముక్కు ఎక్కడుందో, గాలి చప్పుడు ఎలా ఉందో చూసుకుంటే చాలు. గాలి విసురు విసురుగా వీస్తుంటే, విసురుకీ మామూలు గాలికీ ఉన్న తేడాలో సగం మీ స్పీడుకి కలపండి.

ఫ్లేర్

ఫ్లేర్ అంటే నేల తాకే ముందు ముక్కెత్తి దిగుడుని తగ్గించడం. ఇక్కడ విమానాలన్నీ ఒకేలా ప్రవర్తించవు. క్రిస్ హైంట్జ్ డిజైన్ చేసిన సీహెచ్ 701 బరువు తక్కువ, గాలి పట్టు ఎక్కువ. పవర్ లేకుండా మరీ నెమ్మదిగా వస్తే, ముక్కెత్తినా దిగుడు ఆగదు, చక్రాల మీద దబ్బున పడుతుంది. దానికి కాస్త ఎక్కువ స్పీడుతో వచ్చి, ఫ్లేర్ ఆలస్యంగా, చకచకా చేయాలి. బర్ట్ రుటాన్ లాంగ్-ఈజీ దీనికి పూర్తిగా తిరగబడ్డ రకం. నున్నటి ఒళ్లు, ఫ్లాప్స్ లేవు, పొట్ట కింద ల్యాండింగ్ బ్రేకు మాత్రం ఉంటుంది. 5 నాట్లు ఎక్కువైతే రన్‌వే మీద తేలుతూ పోతూనే ఉంటుంది.

ఫ్లేర్‌కి ముందే, ఫైనల్‌లో 300 అడుగుల దగ్గర ఒకసారి అన్నీ చూసుకోండి: స్పీడు, వరస, గుర్తు. ఏ ఒక్కటి సరిగా లేకపోయినా థ్రాటిల్ ముందుకు తోయండి, నెమ్మదిగా కాకపోయినా కుదుపు లేకుండా. కార్బ్యురేటర్ హీట్ మూసేయండి, లేకపోతే పూర్తి పవర్ రాదు. ఫ్లాప్స్‌ని ఒక్కసారిగా కాకుండా మెట్టు మెట్టుగా ఎత్తండి. చాలాసేపు ఐడిల్‌లో ఉన్న ఇంజిన్ ఒక్కోసారి తడబడుతుంది, అందుకే ఫైనల్‌లో ఒకసారి కాస్త పవర్ పెట్టి, అది పలుకుతోందో లేదో విని, మళ్లీ తగ్గించుకోవాలి.